తలుపు అవతలి గొంతులు

ఏటా నవంబరు తొమ్మిదిన ఏ వార్తా ఛానల్ పెట్టినా కరణం హిమజ కనిపించేది. ముప్పై మూడేళ్ల హిమజ, మోకాలిలోతు నీళ్లలో, నుదుటికి అంటుకుపోయిన జుట్టుతో, వెనక నిలువెత్తు ఉక్కు తలుపుతో. “లోపల ఒక రైలెడు జనం ఉండిపోయారు. వాళ్లను బయటికి తేవాల్సిన తలుపు కాపలాదారు కోరాడ పైడిరాజు తలుపు దించేసి పారిపోయాడు!” అని గొంతు పగిలేలా చెప్పేది. మొత్తం నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. కళింగరేవు సముద్ర సొరంగం ప్రమాదం అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది ఆ నాలుగు నిమిషాలే.

జరిగింది అందరికీ తెలిసిందే. తుపానులో అదుపు తప్పిన ఓడ ఒకటి లంగరు ఈడ్చుకుంటూ వచ్చి సొరంగం కప్పును చీల్చింది. ఉదయపు రైలు మధ్యలో ఆగిపోయింది. సముద్రం లోపలికి వచ్చింది. సొరంగానికీ భూగర్భ స్టేషన్‌కూ మధ్య ఉన్న ఉక్కు తలుపు దిగిపోయి, తుపాను వార్తలకు వచ్చిన విలేకరులతో సహా స్టేషన్‌లో ఉన్న రెండు వేల మంది బతికారు. రైల్లోని రెండు వందల పద్నాలుగు మంది చనిపోయారు. ముప్పై మంది శవాలు దొరకనేలేదు. నెల తిరక్కుండా సొరంగం మూతిని, తలుపును, కాపలా గదిని కలిపి కాంక్రీటుతో పూడ్చేశారు.

పైడిరాజు మాత్రం ఎక్కడో బతికే ఉన్నాడని విచారణ సంఘం తేల్చింది. అందుకు ఆధారం ఒక్కటే. తలుపును దించే మోటారు చివరి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ జానెడునూ ఎవరో చేతిచక్రం తిప్పి మూశారు. పటం ప్రకారం చక్రాలు రెండు, సొరంగం లోపల ఒకటి, బయట కాపలా గదిలో ఒకటి. లోపలున్నవాళ్లు తమ దారి తామే మూసుకోరు. కాబట్టి మూసిన మనిషి బయటే ఉన్నాడు, మూసి వెళ్లిపోయాడు. పాతికేళ్లయినా ఆ కేసు మూతపడలేదు.

హిమజ ఆ నాలుగు నిమిషాలతోనే పైకి వచ్చింది. ఛానల్‌కు సంపాదకురాలై, నిరుడు పదవీ విరమణ చేసి, హైదరాబాదులో పాత్రికేయ విద్యార్థులకు పాఠాలు చెప్పుకుంటోంది. మాటలో తడబాటు ఎరగని మనిషి. ఆగస్టులో ఒక ఉదయం ఆమెకు ధ్వని పరిశోధనశాల నుంచి ఫోను వచ్చింది.

“నా పేరు తబస్సుం మేడమ్. మీ గొంతు కావాలి.”

“ఇరవై అయిదో ఏడని ఇప్పటికే ఆరుగురు అడిగారమ్మా. ఇంటర్వ్యూలు ఇవ్వడం లేదు.”

“ఇంటర్వ్యూ కాదండీ. ఆ రోజు వీడియోలోంచి మీ గొంతు తీసెయ్యాలి. తీసెయ్యడానికి మీరు కావాలి.”

ఇంతవరకు ఎవరూ ఆమెను అలా అడగలేదు. మర్నాడే వెళ్లింది.

తబస్సుంకు ముప్పై నాలుగేళ్లుంటాయి. గుంటూరు మనిషి. సోది లేకుండా సూటిగా పనిలోకి దిగింది. ఒక గాజు గది ముందు హిమజను కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఏదో మాట్లాడింది. చప్పుడు బయటికి రాలేదు. గాజుకు ఇవతలి వైపు ఒక ప్లాస్టిక్ పట్టీ అతికించి ఉంది. దానివైపు తిప్పి ఉన్న కెమెరా పక్కనున్న పెట్టెలోంచి కాసేపటికి తబస్సుం గొంతు వినిపించింది. “మేడమ్‌కు టీలో పంచదార వెయ్యాలా వద్దా?”

బయటికి వచ్చి నవ్వింది. “దీన్ని మేము కంటిచెవి అంటాం. మాట తగిలితే గాజు కదులుతుంది, గాజు మీద పట్టీ కదులుతుంది. వెంట్రుకలో వెయ్యోవంతు కదిలినా చాలు, కంటిచెవి ఆ కదలికను మళ్లీ మాటగా మారుస్తుంది. మొన్నటిదాకా కొత్త కెమెరాలతోనే అయ్యేది. ఇప్పుడు పాత టీవీ వీడియోలు కూడా చదవగలుగుతున్నాం, నాలుగైదు వైపుల నుంచి తీసినవి దొరికితే.”

తెర మీద ఉక్కు తలుపు వచ్చింది. దాని మీద పసుపూ నలుపూ చారల ప్రమాదపు పట్టీ ఒకటి సగం ఊడి వేలాడుతోంది. ఆ పట్టీని ఆ రోజు నాలుగు ఛానళ్ల కెమెరాలు చూశాయి.

“అక్కడ గాలి లేదు మేడమ్. పట్టీ ఊగుతోంది. తలుపు వెనకాల మనుషులు మాట్లాడుతున్నారు.”

హిమజ కుర్చీలో ముందుకు జరిగింది. “అప్పటికి బతికే ఉన్నారా?”

“ఉన్నారు. అయితే మీరు పట్టీకి రెండడుగుల దూరంలో నిలబడి గట్టిగా మాట్లాడారు. వాళ్ల మాటల మీద మీ మాటలు పడ్డాయి. అదే తలుపు, అదే పట్టీ చేయించి పెట్టాం. మీరు అవే మాటలు అంతే గట్టిగా పలికితే, మీ వల్ల పట్టీ ఎలా కదిలిందో కంటిచెవి నేర్చుకుంటుంది. దాన్ని తీసేస్తే మిగిలేది వాళ్లు.”

“ఎన్నిసార్లు పలకాలి?”

“యాభై.”

దీనికి అనుమతి ఇచ్చింది మృతుల కుటుంబాల సంఘం అధ్యక్షుడు మజ్జి త్రినాథరావు అని తబస్సుం చెప్పింది. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన ఒకే షరతు పెట్టాడట. ఏం బయటపడినా మొదట కుటుంబాలే వినాలి. పైడిరాజును పట్టుకోవడానికి ఏ చిన్న ఆధారమైనా దొరుకుతుందని ఆయన ఆశ.

ఆ గదిలో గోడలన్నిటికీ మందపాటి నురగ దిమ్మలు. మాట నోట్లోంచి రాగానే మాయమైపోయేది. హిమజ ఉత్సాహంగానే మొదలుపెట్టింది. ఇరవై సార్లు ఏకబిగిన చెప్పింది. ముప్పై దాటాక మాటలు విడివిడిగా వినిపించడం మొదలైంది. ‘పారిపోయాడు’ అన్న మాట దగ్గర నాలుక ఆగింది.

ఈ మాట నాకెవరు చెప్పారు?

గుర్తుంది. తెల్లటి వానకోటు వేసుకున్న అధికారి ఒకాయన, సొరంగం నడిపే సంస్థ మనిషి, చెవి దగ్గరికి వచ్చి అన్నాడు. “మెట్లెక్కి పరిగెత్తాడు మేడమ్. చూసినవాళ్లున్నారు.” కెమెరా ఎర్రదీపం వెలగడానికి పది సెకన్లుంది. చూసినవాళ్లెవరని ఆమె అడగలేదు. తర్వాతా అడగలేదు. ఆమె వీడియోను తరగతిలో ప్రత్యక్ష ప్రసారానికి నమూనాగా చూపించేవారు. మొదట్లో వేరేవాళ్లు చూపించారు, నిరుటి నుంచి ఆమే చూపిస్తోంది. ఆ ప్రశ్న ఒక్క విద్యార్థీ వెయ్యలేదు. ఆమె నేర్పలేదు గనక వెయ్యలేదు.

“మేడమ్, విశ్రాంతి తీసుకుంటారా?” స్పీకరులో తబస్సుం అడిగింది.

“వద్దు. ఎన్నయ్యాయి?”

“ముప్పై ఒకటి.”

“ముప్పై రెండు రాసుకో” అని మళ్లీ అందుకుంది. యాభయ్యోసారి పలికేసరికి గొంతు బొంగురుపోయింది. ఒక్క అక్షరం తగ్గించలేదు.

మూడు వారాల తర్వాత తబస్సుం మళ్లీ పిలిచింది. ఈసారి ఫోనులో ఆమె గొంతు వేరుగా ఉంది. “నేను వినలేదు మేడమ్. కుటుంబాల తరఫున ఒకరు పక్కన ఉండాలి. మాస్టారు తనకు ధైర్యం చాలదన్నారు. మీ గొంతు తీసిన వీడియో గనక ముందు మిమ్మల్నే వినమన్నారు.”

ఇద్దరూ చెవిగొట్టాలు పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద పాత హిమజ పెదవులు కదుపుతోంది. మాట లేదు. మొదట హోరు. తర్వాత ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. ఆ పైన మగ గొంతు, ఆయాసపడుతూ, అయినా నిలకడగా.

“...కంగారు పడకండి బాబూ. తలుపు దానంతటదే దిగిపోనాది. నాను మిమ్మల్ని తీసుకెల్దామని లోపలికొచ్చినాను, నాతోబాటే ఉండిపోనాను. జానెడు సందు మిగిల్నాది. ఆ సందులోంచి నీల్లన్నీ టేసన్లోకి పోతన్నాయి.”

“పైకెత్తలేవా?” ఎవరో అరిచారు.

“మోటారు సచ్చిపోనాది. ఎత్తడానికి నేదు. దించడానికైతే ఈ చక్రం ఉంది.”

“బయట నుంచి ఎవరైనా...”

“బయట చక్రం నేదు బాబూ. పెడతామన్నారు, పెట్టనేదు. ఇదొక్కటే.”

కొంతసేపు హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఒక ఆడపిల్ల గొంతు. “మూసేస్తే మనం?”

“మనం ఎలాగూ జానెడు సందులోంచి ఎల్లలేం తల్లీ. ఆపక్క రెండేలమంది మెట్లెక్కుతున్నారు. పిల్లలున్నారు.”

సరిగ్గా అప్పుడు తెర మీద హిమజ చెయ్యెత్తి వేలు చూపిస్తోంది. ఆమె ఏ మాట దగ్గర అలా వేలు చూపించిందో హిమజకు కంఠతా వచ్చు. పారిపోయాడు.

“ఎన్ని తిప్పులు తిప్పాలి?” ఆడపిల్ల అడిగింది.

“నలభై. బిగిసిపోయుంది. నా ఒక్కడివల్లా కాదు.”

“నేను లెక్కపెడతాను. మీరు తిప్పండి. అందరూ ఒకేసారి పట్టండి. ఒకటి...”

చక్రం కీచుమంది. పైడిరాజు వలలాగే పల్లెకారుల కేక అందుకున్నాడు. మిగతావాళ్లు బదులు పలికారు. ఎనిమిది గొంతులో పదో తెలియదు. మధ్యలో ఆ అంకెలు. పదకొండు. పన్నెండు.

నలభై దగ్గర చక్రం ఆగింది. తెర మీద హిమజ మోకాళ్ల చుట్టూ నీటి మట్టం ఆగింది. దాని తర్వాత తను ఏమన్నదో హిమజకు గుర్తొచ్చి చెవిగొట్టాలు తీసేసింది. “నీరు పెరగడం ఆగింది. అధికారుల చొరవ ఫలించింది” అన్నది ఆమె.

“ఆగకపోతే ఏమయ్యేది?” అని అడిగింది.

తబస్సుం కళ్లు తుడుచుకుంది. “లెక్క వేశాను. ఇంకో ఆరు నిమిషాలు. మెట్ల దారి మునిగిపోయేది. ప్లాట్‌ఫాం మీద ఎవరూ మిగిలేవాళ్లు కాదు. మీరు కూడా.”

“ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే వాళ్ల కేకలు నాకు వినిపించేవా?”

“లేదు మేడమ్. జానెడు మందం ఉక్కు. మనిషి చెవికి అందదు. నిజంగా చెప్తున్నా.”

హిమజ తల ఊపింది. ఆ జవాబు ఆమెకు ఊరట కాలేదు. తనకు వినిపించనిది వేరు, తను అడగనిది వేరు. “మా కెమెరామన్ కాపలా గది తీశాడు కదా, ఖాళీ కుర్చీ. అది పెట్టు” అంది.

ఆ కుర్చీ బొమ్మ కూడా దేశమంతా ఎరిగిందే. పారిపోయినవాడి కుర్చీ. వాలిన కుర్చీ వెనక, గోడ మీద, గుండ్రంగా నాలుగు బోల్టులు. వాటికి ఏమీ బిగించి లేదు. కొత్త బోల్టుల మీద ఫ్యాక్టరీ కాగితం కూడా చింపలేదు.

“చక్రం ఉండాల్సిన చోటు” అంది తబస్సుం.

పాతికేళ్లుగా కోట్లమంది ఆ బొమ్మను చూశారు. అందరూ కుర్చీనే చూశారు.

మర్నాటి రైల్లో ఇద్దరూ కళింగరేవు బయల్దేరారు.

త్రినాథరావు మాస్టారి ముందుగదిలో ఒక గోడ నిండా దస్త్రాలు. మరో గోడకు ఇరవై రెండేళ్ల అమ్మాయి ఫొటో. ఉద్యోగంలో చేరే మొదటి రోజున ఆ రైలెక్కిన ఇందుమతి. మాస్టారు చెప్పిందంతా విని కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“గొంతులు పుట్టించే యంత్రాలు చాలా ఉన్నాయమ్మా ఈ రోజుల్లో. సచ్చినోళ్ల సేత పాటలు పాడిస్తన్నారు. ఇది పైడిరాజు తరఫువాళ్లు సేయించింది కాదని నానెలా నమ్మీది?”

“నమ్మొద్దు మాస్టారూ” అంది హిమజ. “ముందు ఇది చూడండి.” కుర్చీ బొమ్మ బల్ల మీద పెట్టింది.

ఆయన భూతద్దం తెచ్చుకున్నాడు. విచారణ సంఘం నివేదికలోని పటం ఆయనకు కంఠస్థం. తలుపుకు అటొకటి ఇటొకటి రెండు చక్రాలు గీసి ఉన్న పటం. బొమ్మ మీద వేలు పెట్టి బోల్టులు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. “ఇక్కడే ఉండాలి” అన్నాడు. “ఇక్కడ నేకపోతే ఇంకెక్కడా ఉండడానికి వీల్లేదు. బయట నుంచి మూసే దారే నేదన్నమాట.”

“లేదు.”

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. తర్వాత ఫొటో వైపు చూడకుండానే అడిగాడు. “అందులో మా అమ్మాయి ఉందా?”

“ఒక అమ్మాయి ఉంది సార్” అంది తబస్సుం. “ఎవరో మీరే చెప్పాలి. వినడం మీ ఇష్టం.”

ఆయన చెవిగొట్టాలు అందుకున్నాడు. ఆడపిల్ల గొంతు వచ్చినప్పుడు ఆయన చేతులు బల్ల అంచును పట్టుకోవడం హిమజ చూసింది. ఒకటి నుంచి ఆయన పెదవులు కూడా కదిలాయి. ఇరవై దాటాయి. ముప్పై దాటాయి. నలభై.

“ఎక్కడా తప్పలేదు” అన్నాడు. “అంత గోలలో కూడా తప్పలేదు మా ఇందు.”

ఆపైన మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. తేరుకున్నాక లేచి, దస్త్రాల్లోంచి ఒక చీటీ తీసి హిమజకు ఇచ్చాడు. “పైడిరాజు భార్య దాలమ్మ. పలాసలో జీడిపప్పు బట్టీలో పని. అక్కడ సుందరమ్మ అంటారు. ఆ మనిషి ఎక్కడ కాపురం పెట్టినా నాను పోలీసుల్ని ఎంటేసుకుని ఎల్లీవాడిని. మూడు ఊళ్లు మార్పించాను. నాను వెతికిన మనిషి మా అమ్మాయి పక్కనే నిలబడున్నాడు. పదండి, నానూ వస్తాను.”

దాలమ్మ ఇల్లు బట్టీల వెనక సందులో ఉంది. మాస్టారు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల యాభై ఏళ్లు దాటిన ఆడమనిషి, జీడి రసానికి నల్లబడిన వేళ్లతో, పప్పు పొర ఒలుస్తోంది. హిమజ ఇంకా తన పేరు చెప్పలేదు.

“సుందరమ్మగారూ...”

ఆ ఒక్క పిలుపుకే ఆమె చెయ్యి ఆగింది. “కూకో” అంది తలెత్తకుండా. “నీ మొకం మారిపోనాది గానీ నీ గొంతు నాకు తెల్దేటి? ఏటా ఇంతన్నాను. ఏటికొచ్చినావు?”

హిమజ పీట మీద కూర్చుంది. చెప్పాలనుకున్న క్షమాపణ దారి పొడుగునా తిరగరాసుకుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక ఆ మాటలేవీ పనికిరాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తలుపు దానంతటది దిగడం, ఆయన జనాన్ని తేవడానికి లోపలికి వెళ్లి చిక్కుకుపోవడం, చక్రం, నలభై తిప్పులు. వానకోటు అధికారి మాట, తను అడగకపోవడం కూడా దాచలేదు.

దాలమ్మ అంతా వింది. కళ్లలో నీళ్లు లేవు.

“ఆడు పారిపోనాడని నువ్వు సెప్పినప్పుడు నాను నమ్మినేదు. ఆడి సంగతి నాకు తెల్సును. ఐదేల్లు, పదేల్లు నమ్మినేదు. అందరూ అంటంటే, పోలీసోల్లు వత్తంటే, ఎప్పుడో నాను కూడా నమ్మీసినాను. ఇంకోదాన్ని కట్టుకుని ఏ ఒరిస్సాలోనో ఉన్నాడనుకున్నాను. తిట్టుకున్నాను. తిట్టుకుంటానే ఎదురుసూసినాను.” మెడలో పసుపుతాడు బయటికి తీసి చూపించింది. “బతికున్నాడనే కదా ఇది ఉంచుకున్నాను.”

హిమజకు ఇది తట్టనేలేదు. ఇంత దూరం వచ్చింది మంచి కబురు తెచ్చాననుకుని.

“ఆడు మంచోడని సెప్పడానికొచ్చినావు” అంది దాలమ్మ. “ఆడు సచ్చిపోనాడని కూడా నువ్వే సెప్తన్నావు.”

“అవునమ్మా” అంది హిమజ. “రెండూ నేనే చెప్తున్నాను. ఆ రోజు టీవీలో చెప్పింది అబద్ధం. ఇది నిజం. మీకు వినాలనుంటే ఆయన గొంతు ఉంది. వద్దంటే ఈ పెట్టె తీసుకుని వెళ్లిపోతాను. మళ్లీ మీ గుమ్మం తొక్కను.”

దాలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. తబస్సుం చెవిగొట్టాలు పెట్టబోతే వద్దంది. “బయటికే పెట్టు. ఆ గుమ్మం కాడ నిలబడినాయన కూడా ఇంటాడు. ఆయన్ని నానెరుగుదును. లోపలికి రమ్మను.”

మాస్టారు వచ్చి నేల మీదే చతికిలబడ్డాడు. పైడిరాజు గొంతు ఆ చిన్న గదిలో పలికింది. ‘కంగారు పడకండి బాబూ’ అన్న చోట దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పల్లెకారుల కేక మొదలయ్యాక ఆమె ఏడ్చింది. నలభై అయిపోయిన తర్వాత మాస్టారు చేతులు జోడించాడు.

“లెక్కపెట్టింది మీ పిల్లేనా?” అని ఆమె అడిగింది. ఆయన తల ఊపాడు. “బంగారంనాటి పిల్ల” అంది.

ఆ తర్వాత రెండు నెలలూ తేలిగ్గా గడవలేదు. రెండు వందల పద్నాలుగు కుటుంబాలకూ తబస్సుం ఉత్తరాలు రాసింది. సగం మంది వచ్చి విన్నారు. కొందరు వద్దన్నారు. ఒకావిడ పసిబిడ్డ ఏడుపు దగ్గర తెలివి తప్పి పడిపోయింది. ఆ సాయంత్రం తబస్సుం యంత్రం ఆపేసి, దీన్ని పగలగొట్టేస్తానంది. “పగలగొట్టు. మిగతా సగం మంది వినాలని అడిగితే ఏం చెప్తావో ముందు ఆలోచించు” అంది హిమజ. మర్నాడు తబస్సుం ఒక నియమం పెట్టింది. ఎవరైనా వినేముందు, లోపల ఏముందో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఆ పని హిమజ తీసుకుంది. ఎనభై ఏడు కుటుంబాలకు చెప్పింది.

సొరంగం సంస్థ వకీళ్లు ఆమె ఛానల్‌కు నోటీసు పంపారు. ఛానల్ వాళ్లు జంకి, వార్షికోత్సవానికి పాత వీడియోనే వేస్తామన్నారు. హిమజ వెళ్లి తన తర్వాత సంపాదకుడైనతని ముందు నిలబడింది. “వెయ్యండి. పక్కనే నేనుంటాను. ఆ వీడియోలో ఉన్నది నా మొహం, నా గొంతు. అది తప్పని చెప్పే హక్కు నాకు లేదని మీ వకీలు ఎక్కడైనా రాసిస్తే తెచ్చివ్వండి.” అలా ఎవరూ రాసివ్వలేదు.

నవంబరు తొమ్మిది ఉదయం కళింగరేవు స్మారకం ముందు కుటుంబాలన్నీ కూర్చున్నాయి. ప్రత్యక్ష ప్రసారంలో మొదట ఆ నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు వేశారు. తర్వాత యాభై ఎనిమిదేళ్ల హిమజ తెర మీదికి వచ్చింది.

“ఇది నేను చెప్పిన వార్త. ఇందులో కోరాడ పైడిరాజు పారిపోయాడన్న మాట అబద్ధం. నాకు ఒక్కరు చెప్పారు. ఎవరు చూశారని నేను అడగలేదు. ఆ అబద్ధం వల్ల ఒక కుటుంబం పాతికేళ్లు పేరు మార్చుకుని బతికింది. అధికారుల చొరవ వల్ల నీరు ఆగిందన్నాను, అదీ అబద్ధమే. ఎందుకు ఆగిందో ఇప్పుడు వినండి. నేను మాట్లాడను.”

మాట్లాడలేదు. దేశం విన్నది. ఖాళీ బోల్టుల బొమ్మ ఆ మధ్యాహ్నానికి అన్ని ఛానళ్లలోనూ ఉంది. సాయంత్రానికి కేసు తిరగదోడమని హైకోర్టు ఆదేశించింది. హిమజ గుర్తుపట్టి చెప్పిన వానకోటు అధికారి ఇప్పుడు సొరంగం సంస్థలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఆయన ఇంటి ముందు కెమెరాలు చేరాయి. “పారిపోయాడు” అని ఒక కుర్ర విలేకరి మొదలుపెట్టబోతే, స్టూడియోలోంచి హిమజ ఫోను చేసి ఆపింది. “ఇంట్లో ఉన్నాడో లేడో తలుపు తట్టి అడిగావా?”

మూడో రోజు దాలమ్మ దగ్గర నుంచి ఫోను వచ్చింది.

“పెద్దకోర్టులో నన్ను సెప్పమన్నారు. ముందు నువ్వు రాసుకో. పాతికేల్లలో ఆడి గురించి నన్నొక్కడూ అడగనేదు. నువ్వు రా.”

హిమజ పలాస వెళ్లింది. కెమెరా తీసుకెళ్లలేదు. దాలమ్మ మెడ బోసిగా ఉంది. వాకిట్లో మంచం వాల్చింది. పగటి ఎండ పల్చగా ఉంది. హిమజ కాగితం మీద తేదీ వేసి, పేరు అడిగింది.

“కోరాడ దాలమ్మ. పైడిరాజు పెల్లాన్ని. గట్టిగా రాయి.”

“ఆ రోజు పొద్దున్న ఆయన ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరారు?”

“ఐదింటికి. సద్దన్నం తిన్నాడు. ఉల్లిపాయ నేదని నన్ను కసిరినాడు. ఇదీ రాత్తావా?”

“రాస్తాను.”

“అయితే సెప్తాను” అని దాలమ్మ కాళ్లు మడుచుకుని కూర్చుంది. పెళ్లి దగ్గర నుంచి మొదలుపెట్టింది. పైడిరాజుకు ఈత రాదని, వలలాగే కులంలో పుట్టి నీళ్లంటే భయపడేవాడని, అందుకే నేలకింద ఉద్యోగం చూసుకున్నాడని చెప్పింది. అతను పిల్లలకు జోల పాడితే పిల్లలు లేచి కూర్చునేవారని చెప్పింది. హిమజ ఎక్కడా అడ్డం రాలేదు. రాసింది రాసినట్టు ఆగి ఆగి చదివి వినిపించింది.

“...ఎర్ర చొక్కా వేసుకుని బయల్దేరాడు...”

“ఎరుపు కాదు. నీలం. నానే ఉతికినాను.”

హిమజ ఎరుపు కొట్టేసి నీలం అని రాసింది.

“ఆఁ. ఇప్పుడు మల్లీ మొదట్నించి సదువు” అంది దాలమ్మ.